కౌన్సెలర్ బోర్డు వెనక ఎవరున్నారో చూడండి

నగరంలో పిల్లల్ని హైస్కూల్లోనో, ఇంటర్‌లోనో, కోచింగ్‌లోనో చేర్చబోయే తల్లిదండ్రులు ఈసారి ఫీజు గురించీ, బ్యాచ్ గురించీ, ఏసీ గది గురించీ అడిగినంత గట్టిగా ఇంకో సంగతి కూడా అడగాలి. మీ దగ్గర కౌన్సెలర్ ఎవరు? ఏం చదివారు? ఎవరి కింద పనిచేస్తారు? మా పిల్ల వాళ్లతో చెప్పుకున్న మాట సాయంత్రానికల్లా డీన్ టేబుల్ మీదికి చేరుతుందా? ఈ ప్రశ్నలకు రిసెప్షన్‌లో నీళ్లు నమిలితే, గోడ మీద ఎంత పెద్ద బోర్డు ఉన్నా అక్కడ కౌన్సెలర్ లేనట్టే లెక్క.

ఇంత ఖరాఖండిగా చెప్పడానికి కారణం ఉంది. 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల పశ్చిమ బెంగాల్ అమ్మాయి ప్రాణాలు కోల్పోయింది. స్థానిక దర్యాప్తు మీద నమ్మకం కుదరని ఆ తండ్రి కోర్టుల చుట్టూ తిరిగి చివరికి సుప్రీంకోర్టుకు చేరాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం కేసును సీబీఐకి అప్పగిస్తూ, చట్టం వచ్చేదాకా దేశమంతా పాటించి తీరాల్సిన 15 మార్గదర్శకాలు కూడా జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టొద్దని, నలుగురిలో చిన్నబుచ్చొద్దని చెప్పింది. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం 2 సార్లు శిక్షణ ఇవ్వాలని, ‘టెలీ మానస్’ వంటి సహాయ నంబర్లను తరగతుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో పెట్టాలని, జిల్లాల్లో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ వేయాలని చెప్పింది.

మన గడ్డ మీద జరిగిన మరణం నుంచి పుట్టిన ఆదేశమిది. మనమే అందరికంటే ముందు అమలు చేసి చూపించాల్సింది. కానీ గోడకు ఎర్ర సిలిండర్ తగిలించి ఫైర్ ఎన్‌ఓసీ సంపాదించిన పద్ధతిలోనే, తలుపుకు ‘కౌన్సెలర్’ అని బోర్డు తగిలించి పని అయిందనిపించుకునే ప్రమాదం ఎదురుగానే కనిపిస్తోంది. హెచ్చరిక దాని గురించే. కౌన్సెలర్ లేని కాలేజీలో పిల్లవాడు కనీసం బయట ఎక్కడైనా ఆసరా వెతుక్కుంటాడు. ఉత్తుత్తి కౌన్సెలర్ ఉన్నచోట ఒకసారి నోరు విప్పి దెబ్బతిన్న పిల్లవాడు ఇక ఎక్కడా నోరు విప్పడు.

ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చూసిన గది సంగతి చెప్పుకోవాలి. పేరుకది కౌన్సెలింగ్ రూమ్. టేబుల్ నిండా ఓఎంఆర్ షీట్ల కట్టలు, గోడ మీద నిరుటి ర్యాంకుల ఫ్లెక్సీ. అద్దాల తలుపు కావడంతో వరండాలో వెళ్లే ప్రతి ఒక్కరికీ లోపల ఎవరున్నారో కనిపిస్తుంది. ఒకమ్మాయిని పిలిపించారు. కూర్చోమన్నవాళ్లు లేరు. ఫ్లోర్ ఇన్‌ఛార్జి పక్కనే నిలబడ్డాడు. కౌన్సెలర్ బాధ్యత అదనంగా చూస్తున్న లెక్చరర్ గత నాలుగు వీకెండ్ టెస్టుల మార్కులు చదివి, “ఏమైందమ్మా, ఎందుకిలా పడిపోతున్నావ్? మీ నాన్న అప్పు చేసి చదివిస్తున్నాడు, ఆ మాట గుర్తుందా?” అన్నాడు. “ఏం లేదు సార్, ఇకనుంచి బాగా చదువుతా” అంది ఆ పిల్ల. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా ‘మోటివేటెడ్’ అని రాసి సంతకం పెట్టారు. రేపు తనిఖీకి వచ్చినవాళ్లు ఆ రిజిస్టర్ చూసి అంతా సవ్యంగానే ఉందని రాసుకుపోతారు.

ఆ లెక్చరర్ చెడ్డవాడేం కాదు. రోజుకు ఆరు క్లాసులు చెప్పి, రాత్రి స్టడీ అవర్స్ చూసే మనిషికి ఇది ఏడో పని. అయితే మార్కులు వేసే చేతికీ, ర్యాంకు రాకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన మనిషికీ పిల్లలు తమ గుట్టు చెప్పుకోరు. ఇది మన ఊహ కాదు, పరీక్షించి చూసిన విషయం. బీహార్‌లోని నలంద జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహెర్’ పేరుతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బళ్లలో శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులను ప్రత్యేకంగా కౌన్సెలర్లుగా పెట్టారు. వాళ్లేమీ డాక్టర్లు కారు. ఇంకొన్ని బళ్లలో అదే పనిని అక్కడి టీచర్‌కే అప్పగించారు. 2018లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. విడిగా కౌన్సెలర్ ఉన్న బళ్లలో వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో కుంగుబాటు తగ్గింది, ఏడిపించడాలు తగ్గాయి. టీచర్‌కు అప్పగించిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. యూరప్‌లో 10 దేశాల్లో 11 వేల పైచిలుకు విద్యార్థులతో జరిపిన మరో పరిశోధన 2015లో అదే పత్రికలో వచ్చింది. కేవలం టీచర్లకు శిక్షణ ఇచ్చి ఊరుకుంటే ఆత్మహత్యాయత్నాలు గణనీయంగా తగ్గలేదనీ, పిల్లలతోనే నేరుగా మాట్లాడించి చర్చ పెట్టిన చోట తగ్గాయనీ అందులో తేలింది. కాబట్టి ఏడాదికి రెండు ట్రైనింగులు పెట్టేశాం, కౌన్సెలర్ అక్కర్లేదనే వాదన చెల్లదు.

మానసిక నిపుణులు అంతమంది ఎక్కడ దొరుకుతారని యాజమాన్యాలు అడుగుతాయి. న్యాయమైన ప్రశ్నే. దీనికి ఢిల్లీ బళ్లలో సగం జవాబు దొరికింది. ‘సంగత్’ సంస్థ అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో శిక్షణ పొందిన సాధారణ కౌన్సెలర్లతో, బొమ్మల పుస్తకాల సాయంతో, మూడు వారాల్లో నాలుగైదు చిన్న సిట్టింగులు నడిపింది. సమస్యను పేరు పెట్టి చెప్పించడం, దారులు వెతికించడం, ఒక దారి పట్టి చూడమనడం, ఇదే పద్ధతి. పిల్లలు తామే చెప్పిన సమస్యల భారం తగ్గింది. అదే నగరంలో ఇంకో సంగతి కూడా తేలింది. కౌన్సెలర్ ముందుగా తరగతికి వెళ్లి ఒక పీరియడ్ మాట్లాడిన చోట, తలుపు తట్టే పిల్లల సంఖ్య బాగా పెరిగింది. అంటే పిల్లలకు సిగ్గు ఎక్కువని మనం అనుకోవడం సగమే నిజం. ఆ గదిలో ఏం జరుగుతుందో వాళ్లకెవరూ చెప్పకపోవడం మిగతా సగం.

మన పిల్లలు గట్టివాళ్లని సర్దిచెప్పుకోవడానికి కూడా వీల్లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మానసిక సమస్యలు పల్లెల్లో 6.9 శాతం ఉంటే, మహానగరాల్లో 13.5 శాతం ఉన్నాయని చెప్పింది. ఆ లెక్కన 60 మంది కూర్చునే సెక్షన్‌లో ఎనిమిది మంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2013లో 8,423 మంది విద్యార్థులు బలవన్మరణం పాలైతే, 2023లో 13,892 మంది. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ, తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ జూనియర్ కాలేజీల చదువుల తీరును పరిశీలించాయి. మనకు కమిటీల కొరత ఎప్పుడూ లేదు.

ముప్పు అనగానే అందరి కళ్లూ కార్పొరేట్ హాస్టళ్ల మీదే పడతాయి. పడాల్సిందే. కానీ నగరంలో అంతకంటే ఎక్కువ మంది పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు. జీడిమెట్ల, గాజువాక, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కార్ఖానా పనులకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలు సర్కారు బడిలోనో, తక్కువ ఫీజు ప్రైవేటు బడిలోనో చదువుతుంటారు. తండ్రి తాగొచ్చి గొడవ చేస్తే ఆ పిల్లవాడికి వెళ్లడానికి పెదనాన్న ఇల్లు లేదు, అమ్మమ్మ ఊరు ఎక్కడో శ్రీకాకుళంలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఉంది. టెన్త్ అయిపోగానే పెళ్లి చేస్తామంటున్నారని స్నేహితురాలికి తప్ప ఎవరికీ చెప్పుకోలేని అమ్మాయి ఉంటుంది. గంజాయి చాక్లెట్‌కు అలవాటు పడ్డవాడు ఉంటాడు. ఫోన్‌లో పరిచయమైనవాడికి ఫొటో పంపి, వాడు డబ్బు గుంజుతుంటే లోలోపల నలిగిపోయేవాళ్లూ ఉంటారు. బడిలో వీళ్లందరికీ పడే ముద్ర ఒక్కటే, ‘సరిగ్గా బడికి రాడు’. వరసగా నాగాలు పెడుతున్న పిల్లవాడి టీసీ చేతిలో పెట్టి పంపేసే ముందు, ఎందుకు రావడం లేదని ఒక్కసారి అడగడం ఏ బడికైనా కనీస ధర్మం. చాలా సర్కారు ఉన్నత పాఠశాలల్లో అడగడానికి మనిషే లేడు. హెడ్‌మాస్టర్ మధ్యాహ్న భోజనం లెక్కలూ, యాప్‌లో ఫొటోలూ చూసుకోవాలి కదా.

ఇక అసలు విషయానికొద్దాం. కౌన్సెలర్ ఎంత చదివారన్నదానికంటే, విన్న మాటను ఎక్కడ దాచుకుంటారన్నది ముఖ్యం. కౌన్సెలర్ జీతం, సెలవు, అప్రైజల్ అన్నీ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ చేతిలోనో, అకడమిక్ డీన్ చేతిలోనో ఉంటే ఆ గుట్టు నిలవదు. ‘ఏ సెక్షన్లో ఎవరు డల్‌గా ఉన్నారు, పేర్లివ్వండి’ అని వారాంతపు మీటింగ్‌లో అడుగుతారు. ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది, ఇస్తే ఆ పిల్ల పేరు మరుసటి రోజు షఫ్లింగ్ జాబితాలో ఉంటుంది. కింది సెక్షన్‌కు పంపేస్తారు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే సెక్షన్ మారుస్తారని హాస్టల్‌లో ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. ఆ తర్వాత గదిని పూలతో అలంకరించినా ఎవరూ రారు.

గుట్టుకూ హద్దులున్నాయి, వాటిని ముందే పిల్లలకు చెప్పాలి. తెలిసిన కౌన్సెలర్ మొదటి సిట్టింగ్‌లో ఇలా మొదలుపెడతారు: “నువ్వు చెప్పింది ఇక్కడే ఉంటుందమ్మా. రెండు సందర్భాల్లో మాత్రం నేను దాచను. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే ఒకటి. నిన్నెవరైనా లైంగికంగా ఇబ్బంది పెడుతున్నారని తెలిస్తే రెండోది. అప్పుడు కూడా ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకే చెప్తాను.” రెండోదానికి చట్టబద్ధమైన కారణముంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. కాలేజీ పరువు పోతుందని లోపలే సర్దుబాటు చేయడం నేరమవుతుంది. ఈ మాట యాజమాన్యాలకు ఎవరో ఒకరు గట్టిగా గుర్తుచేయాలి.

అమ్మానాన్నలకు ఏం చెప్పాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంట్లో తెలియాలి, సందేహం లేదు. కానీ ‘మీవాడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడు’ అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే, ఆ రాత్రి ఫోన్‌లో తండ్రి అడిగే మొదటి ప్రశ్న “ఎవరితోనైనా తిరుగుతున్నావా?” అని. అక్కడితో ఆ పిల్లవాడు మూసుకుపోతాడు.

ఇంట్లోనూ హాస్టల్‌లోనూ చూసుకోవాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. ఎప్పుడూ కబుర్లు చెప్పే పిల్ల ఫోన్‌లో ‘ఊ’, ‘సరే’లతో సరిపెట్టడం. నిద్ర తలకిందులవడం, తిండి మానేయడం. ఇష్టంగా దాచుకున్న వస్తువులు పంచిపెట్టడం. “నా వల్ల మీకు బరువే”, “నేను లేకపోతే మీకు హాయి” వంటి మాటలు. అన్నిటికంటే మోసపుచ్చేది, రోజుల తరబడి కుంగిపోయిన పిల్లవాడు ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపించడం. కుదుటపడ్డాడని ఊపిరి పీల్చుకోకుండా ఆ రోజే పక్కన ఉండాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే పిల్లలకు ఊరట కలుగుతుంది. “నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?” అని మెల్లగా, కళ్లలోకి చూసి అడగండి. ఔనంటే తిట్టకండి, నీతులు చెప్పకండి, వాణ్ని ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే రోజంతా, రాత్రంతా తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, ఖర్చేమీ లేదు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ ఇదే. పిల్లలపై హింస, బాల్య వివాహం వంటి వాటికి 1098. డబ్బు గుంజే ఆన్‌లైన్ మోసాలకు 1930. అవసరమైతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకో, విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికో తీసుకెళ్లడానికి మొహమాటపడొద్దు. ఎర్రగడ్డ అనగానే వెటకారం చేసే అలవాటు మన సినిమాలది, దాన్ని ఇంటి దాకా తెచ్చుకోనక్కర్లేదు.

ఒక హాస్టల్‌లో ఒక పిల్లవాడు పోయిన తర్వాత ఏం చేస్తారో కూడా చూడండి. రాత్రికి రాత్రి పిల్లలందరినీ బస్సులెక్కించి ఇళ్లకు పంపేస్తారు, గేటుకు తాళం వేస్తారు, నాలుగు రోజుల తర్వాత ఏమీ జరగనట్టు టెస్టు పెడతారు. అదే గదిలో ఉన్న ముగ్గురు స్నేహితులు, చివరిసారి మాట్లాడిన క్లాస్‌మేట్, ఆ ఉదయం కేకలేసిన లెక్చరర్ ఏమవుతారో ఎవరికీ పట్టదు. ఒక మరణం తర్వాత ముప్పు ఎక్కువగా ఉండేది ఆ దగ్గరివాళ్లకే. వాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడటం, పుకార్లు ఆపడం, తిరిగొచ్చిన వారంలో పరీక్షలు వాయిదా వేయడం కౌన్సెలర్ చేయాల్సిన మొదటి పనులు. వాటిని చేయనిచ్చే యాజమాన్యం కావాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన వారం ఇంటర్ ఫలితాలు వచ్చే వారం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఏం జరిగిందో మరిచిపోకూడదు. 9 లక్షల మందికి పైగా రాసిన పరీక్షల్లో 3 లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా పడింది. రోజుల వ్యవధిలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ తిరిగి చూస్తే 1,137 మంది పాసయ్యారు. లెక్కల తప్పులు బోర్డు దిద్దింది. ఆ వారం రోజులూ పిల్లల పక్కన ఎవరున్నారన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. వేసవి సెలవులంటూ కాలేజీకి తాళం, కౌన్సెలర్‌కు ఏప్రిల్ జీతం కట్. ఫలితాలొచ్చే రోజు ఉదయం నుంచి వారం పాటు కౌన్సెలర్ కాలేజీలోనో, ఫోన్‌లోనో అందుబాటులో ఉండాలి. ఫెయిలైన ప్రతి పిల్లకూ, అనుకున్న మార్కులు రాని టాపర్‌కూ ఒక ఫోన్ కాల్ వెళ్లాలి. సప్లిమెంటరీ తేదీ, రీకౌంటింగ్ గడువు ఆ ఫోన్‌లోనే చెప్పాలి. అదే రోజు పొద్దున పేపర్లలో ర్యాంకుల ఫొటోలతో పేజీలకు పేజీలు ప్రకటనలు వస్తాయి. అవి అచ్చయ్యేది పత్రికల్లోనే కాబట్టి పత్రికల్లో రాసేవాళ్లకు ఈ మాట అనడం ఇబ్బందే, అయినా అనాలి. ఆ ప్రకటనల బడ్జెట్లో ఒక ముక్క తీస్తే ప్రతి క్యాంపస్‌కూ పన్నెండు నెలల జీతంతో ఒక మనిషిని పెట్టొచ్చు.

ప్రభుత్వాలు చేయాల్సింది కొత్తగా కనిపెట్టేదేమీ కాదు. కౌన్సెలర్‌కు కాలేజీ జీతమిచ్చినా, జవాబుదారీ మాత్రం జిల్లా కమిటీకి ఉండేలా నియమం పెట్టాలి. అర్హతలూ, పేరూ ఇంటర్ బోర్డు వెబ్‌సైట్లో పెట్టాలి. ఒకే మనిషి పేరు పది క్యాంపస్‌లలో కనిపిస్తే గుర్తింపు రద్దు చేయాలి. సర్కారు బళ్లకు ఒక్కో బడికీ ఇప్పుడే కుదరకపోతే నాలుగైదు బళ్లకు కలిపి ఒకరిని పెట్టి, వారంలో ఏ రోజు ఏ బడిలో ఉంటారో గేటు మీద రాయించాలి. తనిఖీకి వెళ్లిన అధికారి రిజిస్టర్ చూడటం మానేసి, ఫ్లోర్ ఇన్‌ఛార్జిని బయటికి పంపి, ఎవరో ముగ్గురు పిల్లల్ని అడగాలి: మీ కౌన్సెలర్ పేరేంటి, ఎక్కడ కూర్చుంటారు, నీకు కష్టమొస్తే వెళ్తావా?

మానసిక ఆరోగ్య చర్యలపై పేర్లు లేకుండా వార్షిక నివేదిక ఇవ్వాలని సుప్రీంకోర్టు ప్రతి సంస్థనూ ఆదేశించింది. మీ పిల్లలు చదివే కాలేజీ ఆ నివేదిక ఇచ్చిందా, జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఏ ఏ క్యాంపస్‌లు చూసింది, ఏం రాసింది అని కలెక్టరేట్‌కు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.